పిచ్చుక, గిజిగాడు: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బడిపిల్లలు, టీచర్లు, రైతులు పిట్టల గురించి అడిగే ప్రశ్నల్లో చాలావరకు ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి. పదేపదే ఎదురైనవాటిని ఇక్కడ పెట్టాను. కొన్నింటికి ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు, కొన్నింటికి కుదరదు.

ఇన్ని పిట్టలుండగా ఈ రెండింటినే పక్కపక్కన పెట్టడం దేనికి?

పైకి చూస్తే రెండూ ఒకే కోవలో కనిపిస్తాయి కాబట్టి. రెండూ గింజలు తినే చిన్న పిట్టలు. రెండూ మనిషి మసిలే చోటే బతుకుతాయి. ఏ జాతికి అంతరించే ముప్పు ఎంతుందో చెప్పే అంతర్జాతీయ రెడ్ లిస్టులో రెండూ ఒకే గడిలో ఉన్నాయి. కానీ పిచ్చుకకు కావలసింది ఇల్లు, గిజిగాడికి కావలసింది చెట్టు. ఒకదానికి పనికొచ్చే సాయం రెండోదానికి అక్కరకు రాదు. ఏటా మార్చి 20న పిచ్చుకల దినం అని బడుల్లో చెక్కపెట్టెలు పంచుతారు, ఫొటోలు దిగుతారు. అదే బడి ప్రహరీ వెనక గిజిగాళ్లు ఏటా గూళ్లు కట్టే తాటిచెట్టును కొట్టేసినా ఎవరూ కిక్కురుమనరు. ఈ తేడా తెలియకపోతే ఎంత శ్రద్ధ ఉన్నా వృథాయే.

రెంటికీ తేడా ఎలా పోల్చుకోవాలి? మాకు రెండూ ఒకేలా కనిపిస్తాయి.

వానాకాలంలో మగవాటిని చూస్తే పొరబడే వీల్లేదు. మగ గిజిగాడి నడినెత్తి, రొమ్ము పసుపు ముద్దలా ఉంటాయి, ముఖానికి ముదురు గోధుమరంగు ముసుగు వేసినట్టుంటుంది. మగ పిచ్చుకకు నెత్తిమీద బూడిదరంగు, కంటి వెనక ఇటుకరంగు, గొంతు కింద నల్లటి మచ్చ. జత కట్టే కాలంలో దాని ముక్కు కూడా నల్లబడుతుంది.

చిక్కంతా ఆడవాటితోనే. దానికి తోడు వానలు వెనకబడ్డాక మగ గిజిగాడు తన పసుపు బట్టలు విప్పేసి ఆడదాని వేషంలోకి వచ్చేస్తుంది. అప్పుడు పొలం గట్టున వంద పిట్టల గుంపు లేస్తే, "అబ్బో, ఎన్ని పిచ్చుకలో" అంటారు. చాలాసార్లు అవి గిజిగాళ్లు.

ముందు ముక్కు చూడండి. గిజిగాడి ముక్కు మొదట్లో లావుగా, శంకువులా, ముఖానికి కాస్త పెద్దదేమో అనిపించేలా ఉంటుంది. పిచ్చుక ముక్కు అంత మోటుగా ఉండదు. తర్వాత తోక: గిజిగాడిది పొట్టి. ఆడ పిచ్చుక రొమ్ము మట్టి కలిసిన బూడిదరంగులో ఉంటుంది, కంటి వెనక పాలిపోయిన గీత ఒకటి సాగుతుంది. ఆడ గిజిగాడి రంగులో పసుపు కలిసిన లేత గోధుమ ఛాయ ఉంటుంది, వీపు మీద ముదురు చారలు స్పష్టంగా తెలుస్తాయి. వీటన్నిటికంటే సులువైన గుర్తు చోటు. మీ వంటింటి కిటికీ మీద వాలి లోపలికి తొంగిచూసేది పిచ్చుక. గిజిగాడికి మన గడపతో పని లేదు.

చెరువుల్లో తుంగ, జమ్ము పెరిగిన చోట గిజిగాడి దగ్గరి చుట్టం ఇంకొకటి ఉంటుంది. దాని రొమ్ము మీద కూడా నల్లచారలుంటాయి, అది జమ్ములోనే గూళ్లు కడుతుంది. చారల గిజిగాడు అనుకోండి. ఈ పేజీలో దాని సంగతి ఇంతటితో సరి.

ఈ రెండింటినీ పాటపక్షులంటారు. కిచకిచమనేవి పాటపక్షులు ఎలా అవుతాయి?

శాస్త్రం లెక్క గొంతు తీపిని బట్టి ఉండదు, గొంతు నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. పాటపక్షులకు శ్వాసనాళం అడుగున ఉండే స్వరపేటికలో కండరాలు ఎక్కువ, చాలావాటి పిల్లలు పెద్దవాటిని విని కూత నేర్చుకుంటాయి. ఆ లెక్కన పిచ్చుక పాటపక్షి, గిజిగాడు పాటపక్షి, ఆఖరికి కాకి కూడా పాటపక్షే. మనం నెత్తిన పెట్టుకునే కోకిల మాత్రం ఆ వర్గంలోకి రాదు. దీనికి కవులు నొచ్చుకుంటే నేనేం చేయలేను.

గిజిగాళ్లు గూళ్లు కట్టే చోట నిలబడి వింటే, మగవన్నీ కలిసి ముందు చిట్ చిట్ మని మొదలుపెట్టి, చివరికి ఈలలాంటి సాగుడుతో ముగిస్తాయి. ఒకటి మొదలుపెడితే చెట్టంతా అందుకుంటుంది.

గిజిగాడు గూళ్లు సగంలో వదిలేస్తుంది. ఎందుకని?

ఇది నాకు ఇష్టమైన ప్రశ్న. కాస్త ఓపిగ్గా చదవండి.

గూడు కట్టేది మగపక్షి. మృగశిర దాటి ఆరుద్ర వచ్చి, ఆకుమళ్లు పచ్చబడి, ఉభాలు (వరినాట్లు) మొదలయ్యే రోజుల్లో దాని పని మొదలవుతుంది. దగ్గర నుంచి చూడాలంటే ఆకుమడి పక్కన కదలకుండా కూర్చోండి. వరి ఆకు మీదో, తాటాకు ఈనె పక్కనో వాలి, అంచున ముక్కుతో చిన్న గాటు పెడుతుంది. ఆ కొసను ముక్కున కరిచి ఒక్కసారిగా ఎగురుతుంది. ఆ ఊపుకి ఆకు నిలువునా చీలి, జానెడు నుంచి రెండడుగుల దాకా సన్నటి పేలిక దాని వెంట వచ్చేస్తుంది. ఒక గూటికి ఇలాంటి తిరుగుళ్లు అయిదొందల దాకా ఉంటాయని గమనించినవాళ్ల లెక్క. ముందు వేలాడే తాటాకు కొసకు ముడి, ఆ ముడి నుంచి ఒక రింగు, రింగు చుట్టూ అల్లిక. పొందూరు ఖద్దరు నేసేవాళ్లు మగ్గం మీద కూర్చుని నేస్తారు, ఇది తలకిందులుగా వేలాడుతూ నేస్తుంది.

సుమారు ఎనిమిది రోజులకు గూడు బోర్లించిన టోపీ ఆకారానికి వస్తుంది. మధ్యలో అడ్డంగా ఒక పట్టీ, దాని మీద కూర్చోవచ్చు. అక్కడ మగపక్షి ఆగిపోతుంది. రెక్కలు టపటపలాడిస్తూ, గూటికి వేలాడుతూ అరుస్తుంది. ఆడపక్షులు వచ్చి లోపల దూరి, లాగి, పీకి చూసి వెళ్తాయి. ఒకదానికి నచ్చితే అప్పుడు మిగిలిన పని: గుడ్ల గది, కిందికి వేలాడే గొట్టం లాంటి దారి. మొత్తం పద్దెనిమిది రోజుల దాకా పడుతుంది. నచ్చకపోతే ఆ టోపీ అలాగే ఎండిపోతుంది. మీరు చూసే సగం గూళ్లు అవే.

ఆడపక్షి అల్లిక నాణ్యత కంటే గూడు ఎక్కడుందన్నదే ఎక్కువ పట్టించుకుంటుందని పరిశోధనల్లో తేలింది. ఎంత ఎత్తున ఉంది, పాము, కాకి, మనిషి అందుకోగలవా లేదా అన్నదే లెక్క. గిజిగాడి విషయంలో చెట్టే ముఖ్యం అని నేను ఊరికే అనడం లేదు.

ఒక ఆడది కుదురుకోగానే మగది పక్కనే ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడదాన్ని పిలుస్తుంది. గిజిగాళ్ల ఈ బహుభార్యాత్వాన్ని 1930ల తొలినాళ్లలో మహారాష్ట్ర తీరంలోని కిహిమ్‌లో గమనించి రాసింది పక్షి శాస్త్రజ్ఞుడు సలీం అలీ. పొదగడం, పిల్లల్ని సాకడం ఎక్కువగా ఆడదాని నెత్తినే పడుతుంది. రెండు నుంచి నాలుగు తెల్లటి గుడ్లు, రెండు వారాల పైచిలుకు పొదుగుడు, ఆ తర్వాత ఇంచుమించు అన్నే రోజులకు పిల్లలు గూడు విడుస్తాయి.

గూటిలో మట్టి అంటించి, దానికి మిణుగురు పురుగులను గుచ్చి దీపం పెట్టుకుంటుందంటారు. నిజమేనా?

మట్టి నిజం. లోపలి గోడకు తడిమట్టి ముద్దలు అంటించడం చాలామంది చూశారు. మిణుగురు దీపం కథ. పిల్లలకు చెప్పుకోవడానికి బాగుంటుంది.

పిచ్చుక అంత పనిమంతురాలు కాదా?

అల్లికలో కాదు. దానికి కావలసింది ఒక కన్నం, అందులో ఇంత చెత్త. చూరు కింద వాసాల సందు, పెంకుల కింద ఖాళీ, ట్యూబులైటు పట్టీ వెనక, కరెంటు మీటరు బోర్డు పైన, ఎక్కడైనా సరే. మన పాత ఇళ్లలో దేవుడి పటాలు, పెద్దల ఫొటోలు గోడకు వాలుగా వేలాడదీసేవారు. ఆ వాలు వెనక చోటు పిచ్చుకకు కొలిచి కట్టినట్టుండేది. తాతగారి ఫొటో వెనక నుంచి గోగునార పోగు, కోడి ఈక, చీపురు పుల్ల వేలాడుతుంటే ఇంట్లో ఎవరూ తీసేవారు కాదు. పిచ్చుక గూడు పెట్టిన ఇల్లు పచ్చగా ఉంటుందని నమ్మకం.

పిచ్చుక మగా ఆడా ఇద్దరూ కలిసే సంసారం నడుపుతాయి. ఏడాదిలో రెండు మూడు విడతలు పిల్లల్ని లేపుతాయి. గిజిగాడు వానాకాలానికి కట్టుబడి ఉంటుంది, పిచ్చుకకు అంత పట్టింపు లేదు.

రెడ్ లిస్టులో ఈ రెండింటి స్థానం ఏమిటి?

రెండూ 'లీస్ట్ కన్సర్న్' గడిలోనే ఉన్నాయి. జాతి మొత్తానికి ఇప్పట్లో అంతరించే భయం లేదని అర్థం. ఈ జాబితాను 1964 నుంచి ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ సంస్థ నడుపుతోంది. పక్షుల మదింపు బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్ చేస్తుంది. గడి ఒకటే అయినా ధోరణి ఒకటి కాదు: ప్రపంచం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య తగ్గుతోందనీ, గిజిగాళ్ల సంఖ్య నిలకడగా ఉందనీ ఆ జాబితా చెబుతుంది.

తగ్గుతున్నదాన్ని 'భయం లేదు' గడిలో ఎలా పెడతారని అడగొచ్చు. సంఖ్య పరంగా ప్రమాదం మెట్టు ఎక్కాలంటే పదేళ్లలోనో మూడు తరాల్లోనో, ఏది ఎక్కువైతే ఆ కాలంలో, కనీసం 30 శాతం పడిపోవాలి. లేదా ఉండే ప్రాంతం బాగా కుంచించుకుపోవాలి. పిచ్చుక యూరప్ నుంచి ఆస్ట్రేలియా దాకా, 1850ల నుంచి అమెరికాలోనూ పాతుకుపోయిన పక్షి. 2021లో వెలువడిన ఒక అంచనా దాని సంఖ్యను ఇంచుమించు 160 కోట్లుగా లెక్కగట్టి, అడవి పక్షులన్నిట్లోకీ ఎక్కువ సంఖ్యలో ఉన్నది అదేనని చెప్పింది. అంత పెద్ద గంపలో మన ఊరి పిచ్చుకలు ఒక గుప్పెడు. గుప్పెడు ఖాళీ అయినా గంపకు తెలియదు.

అయితే భయం లేదనే అనుకోవచ్చు కదా?

అలా అనుకుని మోసపోయిన సంగతి ఒకటి ఉంది. పసుపు రొమ్ము బంటింగ్ అనే పాటపక్షి ఉత్తర యూరప్, సైబీరియాల్లో పిల్లల్ని లేపి, చలికాలానికి తూర్పు, దక్షిణాసియా వరిపొలాలకు దిగేది. ఆకారంలో మన గిజిగాడి వరసే. లెక్కపెట్టలేనన్ని ఉండేవి. 2004 దాకా అది కూడా 'లీస్ట్ కన్సర్న్' గడిలోనే ఉంది. వలసదారిలో, ముఖ్యంగా చైనాలో, వలలు పన్ని తిండికి పట్టేశారు. మెట్టు మెట్టుగా జారి 2017 నాటికి అంతరించడానికి ఒక్క అడుగు దూరంలో ఉన్న 'క్రిటికల్లీ ఎండేంజర్డ్' గడికి చేరింది. పదమూడేళ్లు పట్టింది, అంతే.

గిజిగాడి ఇంటిపేరు పంచుకునే ఫిన్స్ వీవర్ అనే పక్షి కథా ఇలాంటిదే. హిమాలయాల కింది తరాయి గడ్డిమైదానాల్లో, ఉత్తరాఖండ్, ఉత్తరప్రదేశ్, అస్సాం, నేపాల్‌లలో అక్కడక్కడా మిగిలింది. గడ్డిభూములు సాగులోకి పోవడంతో 2021లో దాన్ని 'ఎండేంజర్డ్', అంటే అంతరించే ముప్పున్న గడిలోకి మార్చారు. గూడు అల్లే నేర్పు రెంటికీ ఉంది. చోటు పోవడమే తేడా.

మా ఊళ్లో పిచ్చుకలు ఎందుకు కనిపించడం లేదు?

ముందు ఒక మాట. దేశం మొత్తం మీద పిచ్చుక కూలిపోలేదు. దేశవ్యాప్తంగా పక్షి పరిశీలకులు నమోదు చేసిన లెక్కలతో 2020లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక, గత పాతికేళ్లలో పిచ్చుక మొత్తంగా నిలకడగానే ఉందనీ, హైదరాబాద్, చెన్నై, బెంగళూరు లాంటి మహానగరాల్లో మాత్రం తగ్గుతోందనీ చెప్పింది. కాబట్టి "పిచ్చుక జాతి అంతరించిపోతోంది" అన్న వాట్సాప్ మెసేజి తప్పు. "మా వీధిలో లేదు" అన్న మీ మాట మాత్రం తప్పు కాకపోవచ్చు.

ఎందుకంటే మన వీధులు మారాయి. మొదటిది కప్పు. పూరిల్లు, పెంకుటిల్లు పోయి స్లాబు వచ్చింది. ప్లాస్టరింగు చేసి పుట్టీ కొట్టిన గోడలో పిచ్చుక దూరే సందు ఒక్కటీ ఉండదు. రెండోది పురుగు. పిచ్చుక గింజలు తిని బతుకుతుంది కానీ, గూట్లో పిల్లకు తొలిరోజుల్లో గింజ అరగదు. మెత్తటి గొంగళిపురుగు, చిన్న మిడత కావాలి. పెరట్లో ఆనపపాదు, బీరపాదు, గోడవార కనకాంబరం ఉన్నన్నాళ్లూ ఆ పురుగు దొరికేది. పెరడును సిమెంటు చేస్తే శుభ్రంగా కనిపిస్తుంది, పిచ్చుక పిల్లకు ఆకలి మిగులుతుంది. మూడోది గింజ. కళ్లంలో కుప్ప నూర్చి, తూర్పారబట్టి, పెరట్లో చేటతో చెరిగితే నూకలు, తాలు నేలపాలయ్యేవి. ఇప్పుడు కోత మిషను పొలంలోనే ధాన్యం చేసేస్తుంది. బియ్యం మిల్లు నుంచి పాతిక కేజీల సంచిలో, రాళ్లు కూడా ఏరి మరీ వస్తాయి.

మూడింటిలో ఏది ఎక్కువ కారణమంటే నా ఓటు పురుగుకే. ఇంట్లో సందు లేకపోతే పిచ్చుక కరెంటు స్తంభం గొట్టంలోనైనా సర్దుకుంటుంది. పిల్లకు తిండి లేకపోతే సర్దుబాటు లేదు.

సెల్‌టవర్ల వల్లనే పోతున్నాయంటారు కదా?

టవరే ప్రధాన కారణమని గట్టిగా నిరూపణ కాలేదు. బ్రిటన్‌లో పిచ్చుకలు పడిపోవడం 1970ల చివర్లోనే మొదలైంది. అప్పటికి సెల్‌ఫోన్ లేదు. 2002 నుంచి అక్కడి దేశీయ ఎర్రజాబితాలో పిచ్చుక ఉంది. టవరు మీద నెపం వేయడంలో ఒక సౌకర్యం ఉంది: మన పెరటి సిమెంటు గురించి మాట్లాడుకోనక్కర్లేదు.

గిజిగాడికి మన జిల్లాల్లో ముప్పు ఎక్కడినుంచి?

చెట్టు, నీరు, గడ్డి. ఈ మూడూ ఒకచోట ఉండాలి. పొలం మధ్య నేలబావి, దాని మీదికి వంగిన ఈతచెట్టో తుమ్మచెట్టో, చుట్టూ వరి: ఇంతకంటే మంచి చిరునామా గిజిగాడికి లేదు. గూళ్లు చాలాచోట్ల చెట్టుకు తూర్పు వైపు వేలాడతాయి, నైరుతి గాలివాన నేరుగా కొట్టకుండా. బోర్లు వచ్చాక నేలబావులు పూడ్చేశారు. గట్టు మీద చెట్టు నీడకు పంట ఎదగదని కొట్టేశారు. తాటి మొద్దులు ఇటుక బట్టీల్లో కాలిపోతున్నాయి. తాటి నాటితే కాపుకు రావడానికి పన్నెండు పదిహేనేళ్లు పడుతుంది కనుక నాటేవాళ్లు అరుదు.

నాగావళి, వంశధార కాలువల కింద వరి ఉన్నంతకాలం ఆకు పేలికకు కొదవ లేదు. గూడు వేలాడదీసే కొసకే కరువు. ఆధారం దొరక్క కరెంటు తీగలకు గూళ్లు కట్టిన గిజిగాళ్లను దేశంలో చాలాచోట్ల చూశారు. అది తెలివి అని మెచ్చుకునేవాళ్లున్నారు. నాకు అది గతిలేనితనంలా కనిపిస్తుంది.

తుపాన్లకు ఇవి తట్టుకుంటాయా?

పక్షులు కొంతవరకు తట్టుకుంటాయి. చెట్లే తట్టుకోవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చాయి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో లక్షల కొబ్బరిచెట్లను పడగొట్టింది. అక్టోబరు నాటికి గిజిగాడి పిల్లలు చాలావరకు రెక్కలొచ్చి ఎగిరిపోయి ఉంటాయి. అసలు దెబ్బ తర్వాతి ఏడాది జూన్‌లో తెలుస్తుంది, గూడు కట్టాల్సిన చెట్టు నేలమీద పడి ఉంటుంది కాబట్టి. కొబ్బరి మళ్లీ వేసినా గూడు వేలాడేంత ఎత్తుకు రావడానికి ఏళ్లు పడుతుంది. తోట పడిపోయిన రైతుకు పరిహారం లెక్కలోనైనా చోటుంది, అదే తోటలో కాపురమున్న పిట్టకు అదీ లేదు.

రెండూ పంట తింటాయి. రైతుగా నేనెందుకు కాపాడాలి?

తింటాయి, కాదనను. గింజ పాలుపోసుకునే దశలో గిజిగాళ్ల గుంపు దిగితే జొన్న, గంటె, వరి కంకులు నష్టపోతాయి. ఒంటరిగా ముందు పండిన మడి అయితే ఊళ్లో పిట్టలన్నీ దానిమీదే పడతాయి. ఆ కోపం న్యాయమైనదే. మంచె కట్టి వడిసెలతో కాపలా కాసిన తాతలకు కూడా ఆ కోపం ఉండేది.

అయితే లెక్క రెండో వైపు కూడా చూడాలి. పిల్లలున్న కాలంలో అవే పక్షులు మిడతల్ని, గొంగళిపురుగుల్ని ముక్కున కరిచి మోస్తాయి. ఆ కాలం గిజిగాడికి సరిగ్గా వరి పిలకలు వేసే కాలం. 1958లో చైనా ప్రభుత్వం గింజలు తింటున్నాయని పిచ్చుకల మీద యుద్ధం ప్రకటించింది. అక్కడిది చెట్టు పిచ్చుక, మన ఊర పిచ్చుకకు దాయాది. జనమంతా పళ్లేలు మోగించి, వాలనివ్వకుండా తరిమి చంపారు. పిచ్చుకపై బ్రహ్మాస్త్రం అన్నది అక్కడ అక్షరాలా జరిగింది. పురుగులు విజృంభించాక 1960లో చంపాల్సినవాటి జాబితా నుంచి పిచ్చుకను తీసేశారు.

పాలుపోసుకునే ఆ కొద్దిరోజులూ మెరిసే రిబ్బన్లు కట్టండి, డప్పు కొట్టండి, చుట్టుపక్కల రైతులు ఒకేసారి ఉభాలు వేసుకునేలా మాట్లాడుకోండి. అందరి పంటా ఒకేసారి గింజకొస్తే నష్టం పంచుకుపోతుంది. విషం కలిపిన గింజలు మాత్రం చల్లకండి. వాటిని తినేది పిట్టలొక్కటే కాదు, మీ పెరటి కోళ్లు కూడా.

చట్టం ఏమంటుంది?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. దాన్ని 2022లో సవరించారు, ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. వేట అనే మాటకు ఈ చట్టం చెప్పే అర్థంలో చంపడం, పట్టడమే కాదు, గుడ్లు పాడుచేయడం, గూళ్లను కదిలించడం కూడా ఉన్నాయి. మన దేశపు అడవి పక్షుల వ్యాపారం 1990-91 నుంచి నిషిద్ధం. సంతలో రంగు పూసి అమ్మే చిన్న పిట్టలు కనిపిస్తే జాలిపడి కొని వదిలేయకండి. మీరు కొన్నందుకు వాడు ఇంకో వల వేస్తాడు. అటవీశాఖ వాళ్లకు చెప్పండి.

పిచ్చుక పెట్టె కొలతలు చెప్పండి.

కన్నం వ్యాసం 32 మిల్లీమీటర్లు, అంటే ఒకటింబావు అంగుళం. అంతకు మించితే గోరింకలు దూరతాయి. కన్నం పెట్టె అడుగు నుంచి కనీసం అయిదంగుళాల ఎత్తున ఉండాలి, పిల్లలు జారిపడకుండా. అడుగు పలకకు నీళ్లు దిగడానికి రెండు చిన్న బెజ్జాలు. మామూలు చెక్క చాలు, రంగు అక్కర్లేదు. కన్నం ముందు కర్రపుల్ల పెట్టకండి, అది పిచ్చుకకు అవసరం లేదు, కాకికి మెట్టవుతుంది.

కట్టే చోటే అసలు సంగతి. ఎనిమిది పదడుగుల ఎత్తున, మధ్యాహ్నపు ఎండ, వాన జల్లు తగలని వైపు. రేకుల షెడ్డు కింద వద్దు, మే నెలలో లోపల పిల్లలు ఉడికిపోతాయి. తిరిగే ఫ్యానున్న గదిలో అసలే వద్దు. పిచ్చుకలు నలుగురితో కలిసి ఉండేవి కాబట్టి ఒక్కటి కాకుండా రెండు మూడు కాస్త ఎడంగా పెట్టండి. మొదటి ఏడాది రాకపోతే పీకేయకండి.

గిజిగాడికి కూడా పెట్టె పెట్టొచ్చా?

వద్దు. దానికి పెట్టె అక్కర్లేదు. గట్టు మీద ఒక ఈతచెట్టును కొట్టకుండా వదిలేయండి, చాలు. చెరువుగట్టున తాటిటెంకలు పాతేస్తే ఇంకా మంచిది, మీ మనవలకు పనికొస్తుంది.

గుమ్మానికి వరికంకుల కుచ్చులు కడితే సరిపోతుందా?

అందంగా ఉంటుంది, పెద్ద పిచ్చుకల కడుపు నిండుతుంది. కోతల రోజుల్లో కుచ్చు అల్లి గుమ్మానికీ గుడిమండపానికీ కట్టే అలవాటు మానకండి. కానీ పిల్లలకు పురుగు కావాలన్నది మరిచిపోకూడదు. కుచ్చుతో పాటు పెరట్లో ఒక పాదు, వేసవిలో మట్టి మూకుడులో నీళ్లు, ఒళ్లు దులుపుకోవడానికి అరచేతి మందాన పొడిమట్టి ఉన్న మూల. పిచ్చుకకు మట్టిస్నానం నీటిస్నానమంత ముఖ్యం.

రాలిన గిజిగాడి గూళ్లు ఇంట్లో అలంకారానికి తెచ్చుకోవచ్చా?

నేలమీద పడినదాన్ని పిల్లలు తెచ్చి చూస్తే తప్పు పట్టను. అల్లిక చూడటానికి అంతకంటే మంచి పాఠం లేదు. చెట్టు మీది గూటిని కోయవద్దు. ఖాళీగా కనిపించే పాత గూళ్లలో మునియాలనే చిన్న పిట్టలు రాత్రుళ్లు తలదాచుకుంటాయి, గుడ్లు కూడా పెడతాయి.

పిల్ల కిందపడి దొరికితే?

ఈకలు లేని పిల్ల అయితే గూడు అందుబాటులో ఉంటే తిరిగి అందులో పెట్టండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి ముట్టదన్నది అపోహ. ఈకలొచ్చి గెంతుతున్న పిల్ల అయితే అది ఎగరడం నేర్చుకుంటోంది. పిల్లినీ కుక్కనీ దూరంగా ఉంచి, పక్కనే పొదలో వదిలి తప్పుకోండి. పాలు, అన్నం నోట్లో కుక్కవద్దు.

ఎప్పుడు, ఎక్కడ చూడొచ్చు?

గిజిగాళ్ల సందడి జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా. నరసన్నపేట, ఆమదాలవలస, చీపురుపల్లి, గజపతినగరం వైపు వరిపొలాల మధ్య రోడ్డున పోతున్నప్పుడు తాటి, ఈత చెట్ల కొసలు గమనిస్తూ వెళ్లండి. పొద్దున్నే మేలు. దూరంగా నిలబడి చూడండి, డ్రోన్లు ఎగరేయవద్దు. పిచ్చుకలకు ప్రత్యేకంగా పోనక్కర్లేదు. పాత బజారులో కిరాణా కొట్లు, బియ్యం మండీలు, ఆర్టీసీ కాంప్లెక్సుల దగ్గర చూడండి, పడిన గింజ, గోడ సందు రెండూ దొరికే చోట్లు అవే.

మేం చూసినవి ఎవరికైనా పనికొస్తాయా?

పనికొస్తాయి. పైన చెప్పిన 2020 నివేదిక మామూలు మనుషులు ఈబర్డ్ అనే యాప్‌లో నమోదు చేసిన లెక్కల మీదే నిలబడింది. పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి, కనిపించిన, వినిపించిన పక్షులన్నిట్నీ రాయండి. మీకు నచ్చినవి మాత్రమే రాస్తే లెక్క పాడవుతుంది. అన్నీ రాసిన జాబితాలో పిచ్చుక లేకపోతే, అక్కడ పిచ్చుక కనిపించలేదన్న సమాచారం కూడా అందినట్టే. ఏటా ఫిబ్రవరిలో జరిగే పక్షుల లెక్కింపు, గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌కు బడిపిల్లలతో కలిసి మొదలుపెట్టడం తేలిక.

గిజిగాళ్ల విషయంలో ఇంకొకటి చేయొచ్చు. మీ ఊరి చుట్టూ గూళ్లున్న చెట్లేవో, అవి ఎవరి గట్టు మీద ఉన్నాయో, ఏ చెట్టుకు ఎన్ని గూళ్లో ఆగస్టులో ఒకసారి నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. మరుసటి ఆగస్టులో అదే దారిన మళ్లీ వెళ్లి లెక్కపెట్టండి. చెట్టు యజమానితో మాట్లాడటానికి కూడా ఆ నోటుబుక్కే ఆధారం. "బాబాయ్, నీ ఈతచెట్టుకు పోయిన ఏడాది ఇన్ని గూళ్లున్నాయి" అని చూపిస్తే, కొట్టే ముందు ఒకసారి ఆలోచించేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు.